ఎనిమిది దినాల ట్రయల్

"దొంగ!"

గిరిజ నాతో అన్న మొదటి మాట అదే. గొడుగైనా ముడవకుండా, కౌంటర్ మీద ఒక వాచీ పెట్టి, నా మొహంలోకి చూసి అంది. గొడుగు నీళ్లు నేను విప్పి పెట్టుకున్న ఇంకో వాచీ మీద కారుతున్నాయి.

"ఎవలు దొంగ?" అన్నాను, దాన్ని రుమాలుతో కప్పుతూ.

"నువ్వే! మా బాపు వాచీల మెషీన్ మార్చినవ్. పైన ఒక కంపెనీ పేరు, లోపల ఇంకో కంపెనీ ముద్ర. బాపు కూరగాయల చాకుతోని తెరిచి చూసిండు."

"చాకుతోనా! అయ్యో, గీతలు పడ్డయా?"

"మాట మార్చకు. ఎనిమిది దినాలు నీ చేతికి కట్టుకొని తిరిగినవట గదా? అప్పుడే మార్చినవ్!"

కట్టుకుని తిరిగిన మాట నిజమే. చంద్రపూర్ గోల్ బజార్‌లో మా రాజం వాచ్ కంపెనీ పద్ధతే అది. పేరుకు కంపెనీ గానీ, ఉన్నది ఒక బల్ల, రెండు స్టూళ్లు. గోడకు వేలాడేస్తే ఏ వాచీ అయినా బుద్ధిగానే నడుస్తుందని, మనిషి చేతికి ఉంటేనే దాని గుణం బయటపడుతుందని మా నాయిన అంటాడు. అందుకే రిపేరైన ప్రతి వాచీకీ నా చేతి మీద ఎనిమిది దినాల ట్రయల్.

"చూడు మేడం," అన్నాను ఓపికగా. "స్విస్ కంపెనీలల్ల చానామంది మెషీన్ సొంతంగ చెయ్యరు. ఇంకో కంపెనీ దగ్గర కొని, తమ డయల్ వేసి అమ్ముతరు. ఇది అసలు మెషీనే."

"ఖరంచ? నిజంగనా? మన హెచ్ఎంటీ వాళ్లు సొంతంగ చేసుకుంటలేరా?"

"వాళ్లు చేసుకుంటరు, వీళ్లు కొనుక్కుంటరు. రెండూ నడుస్తయి."

"కథలు చెప్పకు. ఇసొంటిదే ఇంకో వాచీ దొరకబట్టి, మా బాపు ముందల తెరిచి చూపియ్యి. అప్పటిదాకా నువ్వు దొంగవే!"

విసవిసా వెళ్లిపోయింది. వాచీ మాత్రం నా బల్ల మీదే ఉంది. దొంగ అన్నవాడి దగ్గరే వస్తువు వదిలి వెళ్లే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె తండ్రి శంకరయ్య బొగ్గు గనిలో పనిచేస్తాడు, బాబుపేట్‌లో ఇల్లు. గిరిజ జట్‌పురా గేటు దగ్గర టైపింగ్ నేర్చుకుంటుంది. ఇవన్నీ నాకెలా తెలిశాయంటారా? మర్నాటి సాయంత్రం నుంచి క్లాసు అవగానే నేరుగా మా షాపుకే రావడం మొదలుపెట్టింది మరి.

"దొరికిందా?"

"లేదు."

అది తొంభై నాలుగో సంవత్సరం. సెల్లు వాచీలు బజారును ముంచెత్తాయి. చావి తిప్పి నడిపే వాచీలను జనం పెట్టెల్లో పడేస్తున్నారు. షాపుకు వచ్చిన ప్రతివాణ్నీ అడిగాను. ఒకడు చెప్పాడని ఊరవతలి సిమెంటు ఫ్యాక్టరీ దాకా పోయి, దుమ్ము మింగి, వేరే వాచీ చూసి తిరిగొచ్చాను.

"దొరికిందా?"

"లేదు."

వాన పడితే స్టూలు మీద కూర్చునేది. ఒకరోజు నా ఐగ్లాసు కంటికి పెట్టించి, లోపల ఊగే చక్రాన్ని చూపించాను. ఆమె జడ నా మోచేతి మీద పడింది. నేను చెయ్యి కదపలేదు, తిమ్మిరెక్కినా కదపలేదు.

"అబ్బ! ఊపిరి తీస్తున్నట్టే ఉన్నది," అంది. తర్వాత మెల్లగా, "నాకు నీ మీద నమ్మకమే," అంది.

"ఎప్పటి సంది?"

"చాకు అనంగనే నీ మొహం వాడిపాయె చూడు, అప్పటి సంది."

"మరి రోజూ ఎందుకొస్తున్నవ్?"

"బాపు నమ్మలే గదా!" నవ్వింది. "దొరికితే ఏం చేస్తవ్?"

"నీ వాచీ నీకిచ్చేస్త. ఇగ నువ్వు రావు."

ఆమె నవ్వు ఆగిపోయింది. వాన మాత్రం ఆగలేదు, దాని దయ.

నా అవస్థ చూడండి. ఆ వాచీ దొరకాలి. దొంగగా ముద్రపడ్డవాడు ఏ మొహంతో పిల్లనడుగుతాడు? దొరక్కూడదు కూడా. దొరకనంత కాలమే ఆమె వస్తుంది.

ఆ వాచీ దొరకనే లేదు. ఆమె రావడమూ మానేసింది.

టైపింగ్ అమ్మాయిలు గుంపుగా వెళ్తుంటే మొహమొహం వెతికేవాణ్ని. ఆమె స్టూలు మీద ఇంకెవరైనా కూర్చుంటే ఒళ్లు మండేది. శంకరయ్య వాచీకి నేనే చావి ఇస్తూ, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ని. ఇంతగా ఒక మనిషి కోసం ఎదురుచూడటం నాకు కొత్త.

"శంకరయ్య బిడ్డకు సంబంధం వస్తున్నదట," అన్నాడు నాయిన ఒకరోజు, నా వైపు చూడకుండా.

ఆ ఆదివారమే వాళ్ల పక్కింటి మల్లేశం సైకిలేసుకొని వచ్చాడు. "సామాను, శంకరయ్య వాచీ పట్టుకొని జల్ది రా. పిలుస్తుండు."

వెళ్లేసరికి ఇంటినిండా చుట్టాలు, చేతుల్లో అటుకుల పోహా ప్లేట్లు. పెళ్లిచూపులు! పట్టుచీరలో గిరిజ తల వంచుకుని ఉంది. పెళ్లికొడుకు ఫ్యాను చూస్తున్నాడు. అతని తండ్రి మొండయ్య చేతికి అచ్చం అదే వాచీ.

"చాయ్ ఇచ్చుకుంట నా బిడ్డ గుర్తువట్టింది. తెరువు," అన్నాడు శంకరయ్య.

మొండయ్య తన వాచీ తీసి ఇచ్చాడు.  ఇది తెరిస్తే నా దొంగతనం పోతుంది, గిరిజ ఈ మొండయ్య ఇంటికి కోడలిగా పోతుంది. అయినా తెరిచాను. రెండింటినీ పక్కపక్కన పెట్టాను. అదే మెషీన్, అదే ముద్ర.

మొండయ్య వంగి చూశాడు. "ఏందీ! నా దాంట్ల గూడ మార్చిండ్రా?"

"లేదు పెద్దయ్యా, అసలుదే. మెషీన్ బయట కొని..."

"నా పెండ్లికి పెట్టిన వాచీ నకిలీదంటవా? పిల్లను చూడ పిలిచి వాచీలు విప్పుతరా? లే పోరగా!" అన్నాడు కొడుకుతో.

నేను బిగించీ బిగించకముందే వాచీ లాక్కుని వెళ్లిపోయాడు. పెళ్లికొడుకు ప్లేట్లో మిగిలిన పోహా నోట్లో వేసుకుని వెనకే పరుగెత్తాడు.

నేను శంకరయ్య వాచీ మూత బిగించాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. "నిన్ను దొంగ అన్న. మనసుల పెట్టుకోకు బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేను. "పెద్దయ్యా, గిరిజను నాకియ్యిండ్రి. ఆమె రాని దినాలు నాకు దినాల్లెక్కనే లేవు."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "నువ్వు రాజం కొడుకువు గాదట గదా. బోర్డు మీద పేరు ఆయనది. నువ్వు ఎవలోడివో!"

అదీ నిజమే. అమ్మానాన్నలు పోతే, నేను నాయిన అని పిలిచే వాళ్ల దోస్తు రాజం నన్ను విరూర్ నుంచి తెచ్చి పెంచాడు. సామాను సర్దుకోబోయాను.

"బాపూ," అంది గిరిజ. "ఇన్నేండ్ల సంది ఆ వాచీ చూసుకునే షిఫ్టుకు పోతివి. ఒక్కనాడన్నా లేటయినవా? లోపల మెషీన్ ఎవలదో మొన్నటిదాకా నీకు తెల్వనే తెల్వది."

 శంకరయ్య వాచీ తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఎడమ చెయ్యి ఇటియ్యి."

నా మణికట్టుకు తనే కట్టాడు. "చాకు పెట్టిన వాచీ ఇది. ఎనిమిది దినాలు ట్రయల్. రోజూ మాపటికొచ్చి నాకు చూపియ్యి. సరిగ్గ నడిస్తే తొమ్మిదో నాడు మీ నాయినను తోలుకొని రా."

"గట్లనే, మామా," అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన మీసం కదిలింది.

గుమ్మం దాకా గిరిజ వచ్చింది. నా మణికట్టు మీద వాచీని చూసి, పెదవి కొరుక్కుని, రోజూ అడిగే మాటే అడిగింది.

"దొరికిందా?"

"దొరికింది," అన్నాను.