చెరపలేని కేసెట్

డిసెంబరు అమావాస్య... సాయంత్రం నాలుగున్నరకే ఐర్లండులోని లెటర్‌కెన్నీని కాటుక చీకటి మింగేసింది! కొండల మీంచి ఉన్మత్త మారుతం... మేఘాల భీకర గర్జన... వీధి చివరి అద్దె ఇంట్లో, కపాలం ముందు పద్మాసనం వేసి కూర్చున్నాడు రామలింగేశ్వరరావు!

కపాలం పక్కన, పైమూత విప్పిన వీసీఆర్!

ఒకప్పుడు రాజమండ్రిలో వీసీఆర్ మెకానిక్. ఇక్కడ వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పదేళ్లు చాకిరీ చేశాడు. మాంద్యం వచ్చి, ఒక్క కాగితంతో ఇంటికి పంపేశారు. ఆ దెబ్బ అందరికీ తగిలింది. కొందరు ట్యాక్సీ తోలుకున్నారు. ఈయనగారు మాత్రం క్షుద్రోపాసన పట్టాడు! తనను తీసేసిన మేనేజరు రక్తం కక్కుకుని చావాలట. అందుకు ఒక ప్రేతాత్మ బంటుగా కావాలి. చనిపోయినవాడి గొంతును చెరిపేస్తూ, అదే టేపు మీద బంధన మంత్రం రికార్డు చేస్తే... ఆ ఆత్మ శాశ్వతంగా దాసోహం!

అలాంటి టేపును, ఇదే ఊళ్లో ఉండే తెలుగమ్మాయి జెమీమా నిన్న తనే తెచ్చి చేతిలో పెట్టింది, పిచ్చిది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే కేరర్. భర్త యోనా పోయి రెండేళ్లు. పెళ్లినాడు అతను పాడిన పాట ఆ కేసెట్లో తప్ప ఎక్కడా లేదు. తన వీసీఆర్ పాడైందని దాన్నీ వెంట తెస్తే, రావు స్పిరిట్‌లో తడిపిన మెత్తటి తోలుతో టేపును చదివే హెడ్డు తుడిచి, తెగిన బెల్టు మార్చి, గంటలో యోనాను తెరమీద పాడించాడు. ఏం పనితనం! జెమీమా వలవలా ఏడ్చింది. ఇంకోసారి పరీక్షించి ఇస్తాను, రేపు ఆరింటికి రమ్మన్నాడు. సరేనంది.

ఈరోజు ఆమె షిఫ్టును సగానికి కోసేశారు. అందుకే ఐదింటికే వచ్చి, గడియ పెట్టని తలుపు తోసుకుని లోపలికి నడిచింది. రావు హుంకరించాడు... ఆమె పాదాలు నేలకు అతుక్కుపోయాయి!

"కదలకమ్మాయ్. నీ మొగుడి పాట చెరిపేస్తున్నా. రేపట్నుంచి వాడు నా బంటు."

"నాకు మిగిలింది ఆ గొంతొక్కటే అంకుల్."

వినిపించుకోలేదు. కళ్లు మూసి జపం అందుకున్నాడు.

కేసెట్ ఆమె చేతికందే దూరంలోనే ఉంది. దాని అంచున కొత్తగా అంటించిన సెల్లోటేపు ముక్క! అది రావు పనే. పెళ్లి వీడియో ఇంటికొచ్చిన రోజే యోనా ఆ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను స్క్రూడ్రైవర్‌తో విరిచేశాడు. అది విరిస్తే దాని మీద మరేదీ రికార్డు కాదు. ఆ ఖాళీని కప్పితేనే మళ్లీ కుదురుతుంది. మన పాట మీద ఎవడూ సినిమా ఎక్కించకుండా అని నవ్వాడప్పుడు.

జెమీమా చెయ్యి చాపి, సెల్లోటేపును గోటితో పీకేసింది.

జపం ముగిసింది. రావు కేసెట్‌ను లోపలికి తోసి రికార్డు మీట నొక్కాడు. కపాలంలోంచి ఒక కరాళ ఛాయ లేచింది...! వీసీఆర్ కిర్రుమని కేసెట్‌ను బయటికి కక్కేసింది!

మళ్లీ తోశాడు... మళ్లీ కక్కింది! ఈసారి కేసెట్ జెమీమా కాళ్ల దగ్గర వచ్చి పడింది! పిలిచిన శక్తికి చోటు చూపకపోతే అది పిలిచినవాణ్ణే తింటుంది. యోనా చేతులారా విరిచిన ఆ గోరంత ఖాళీని దాటలేక ఛాయ వెనుదిరిగింది... రావు మీద పడింది! ఒక్క ఆర్తనాదం... నీలి జ్వాల... మనిషీ, వీసీఆరూ బూడిద!

జెమీమా పాదాలకు పట్టు వదిలింది. కేసెట్‌ను గుండెకు హత్తుకుని వానలోకి పరుగెత్తింది. గార్డులనే ఇక్కడి పోలీసులు వచ్చి, కరెంటు మంట అని రాసుకుపోయారు.

పాట దక్కింది. వినడానికి మెషీన్ లేదు. పాతది ఎక్కడైనా దొరికినా, దాన్ని బాగుచేయడం తెలిసిన ఒక్క చెయ్యీ ఆ బూడిదలో కలిసింది. పోయినవాణ్ణి తెరమీద పాడించిన చెయ్యి... దాంతో ఏం చేసుకున్నాడయ్యా!

కేసెట్‌ను వంటింటి అలమారాలో గిన్నెల వెనక పెట్టి, జెమీమా పొద్దున్నే షిఫ్టుకి వెళ్లింది.