ఊపిరి కన్నం

మా అక్క మట్టితో ఆడవాళ్ళను చేస్తుంది. వాళ్ళకు పేర్లు పెట్టేది నేను. ముక్కు వంకరగా వచ్చినావిడ ‘హెడ్‌మిస్ట్రెస్’. నెత్తిన పిట్టగూడు మోసే ఆవిడ ‘తీరిక లేని పెద్దమ్మ’. అక్క తిట్టదు, తడిచేత్తో నా చెంప మీద ఒక్కటేస్తుంది. ఆ మట్టి ఎండి సాయంత్రం దాకా చురచురమంటుంది.

ఈసారి చేసినావిడకు మాత్రం పేరు పెట్టబుద్ధి కాలేదు. మోకాళ్ళ మీద కూర్చున్న నిండు చూలాలు, మూరెడు ఎత్తు. జుట్టుకు బదులు చెట్టు వేళ్ళు. పొట్ట కోసి, లోపలి మట్టి తోడేసి డొల్ల చేసింది అక్క. తనకూ ఎనిమిదో నెల. రెండు పొట్టలూ పక్కపక్కన పెడితే దేన్ని చూసి దేన్ని చేశారో చెప్పలేం.

డొల్లబొమ్మకు సూదితో చిన్న కన్నం పెట్టాలి. లేకపోతే లోపలి గాలి బట్టీలో వేడెక్కి బొమ్మ పగిలిపోతుంది. మా షెడ్డులో ఆ కన్నాన్ని ‘ఊపిరి’ అంటాం.

ఆ మధ్యాహ్నం వాన. బావ అక్కను చెకప్‌కు తీసుకెళ్తున్నాడు.

“కోతీ, పొట్టకు మూత అతికించు. ఊపిరి పెట్టడం మర్చిపోకు.”

“పెడతాలే. గురక కూడా పెట్టమంటావా?”

“చెప్పింది చెయ్యవే తల్లీ!”

వాళ్ళటు వెళ్ళగానే నా దొంగసరుకు బయటికి తీశాను. బొటనవేలంత మట్టి పాపాయి, అచ్చం బావ చెవులతో. నిన్ననే చేసి ఎండబెట్టాను. పొట్టలో పడుకోబెట్టి, మూత అతికించి, తడిగుడ్డ కప్పాను. రేపు బొమ్మ కదిపితే లోపల గలగలమంటుంది. అప్పుడు చూడాలి అక్క మొహం!

ఆ సరదాలో సూది సంగతే మర్చిపోయాను.

కరెంటు పోయింది. రేకుల మీద వాన. షెడ్డు నిండా తడిమట్టి వాసన, రోజూ ఉండేదే. కానీ ఇవాళ అందులో విరిగిన పాల వాసన కూడా...

టక్.

రేకులు కారుతున్నాయనుకున్నాను.

టక్. టక్.

గుడ్డ కింద నుంచి.

“ఎవరండీ? తలుపు తీసే ఉంది” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

చప్పుడు తొందరపడింది. తర్వాత నెమ్మదించింది. తర్వాత... ఆగిపోయింది.

ఫోన్ మోగింది. బావ. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

“బిడ్డ గుండె చప్పుడు దొరకట్లేదంటున్నారు... ఇంతకుముందే బాగా కొట్టుకుంది. ఉన్నట్టుండి ఆగింది. అక్కకు ఇంకా చెప్పలేదు.”

నా కళ్ళు సూది మీద పడ్డాయి. మట్టి అంటని సూది.

గుడ్డ లాగేశాను. నేను పొట్టకు సమంగా అతికించిన మూత పైకి ఉబ్బి ఉంది. సూది అందుకున్నాను. బొడ్డు దగ్గర గుచ్చాను.

స్స్స్...

నా మణికట్టుకు గాలి తగిలింది. వెచ్చగా. ఆగింది. మళ్ళీ తగిలింది.

“దొరికింది!” ఫోన్‌లో బావ అరుస్తున్నాడు, ఏడుస్తున్నాడు. “వినిపిస్తోంది కోతీ! గుర్రంలా పరిగెడుతోంది!”

నేల మీద చతికిలబడి ఏడ్చాను. కాసేపటికి నవ్వొచ్చింది కూడా.

చీకటి పడకముందే వచ్చేశారు. బావ వద్దంటున్నా అక్క నేరుగా షెడ్డులోకే వచ్చి గుడ్డ ఎత్తింది.

“ఒక్కటి చాలుగా, రెండెందుకు పెట్టావే?”

“ఒకటే పెట్టాను.”

వంగి చూశాను. బొడ్డు దగ్గరిది నాది. బయటి నుంచి గుచ్చితే మట్టి లోపలికి నొక్కుకుపోతుంది. దానికి కాస్త కింద, ఎడమ పక్క, ఇంకోటి. దాని అంచు బయటికి లేచి ఉంది.

బొమ్మను మెల్లగా అటూ ఇటూ వంచాను. లోపల నా మట్టి పాపాయి దొర్లిన చప్పుడే లేదు.

“అబ్బా!” అంది అక్క. చేత్తో పొట్ట పట్టుకుంది. బొడ్డుకు కాస్త కింద, ఎడమ పక్క.

“ఏమైందక్కా?”

“ఏం లేదే... తన్నడం మానేసి, గుచ్చుతున్నాడు.”