ఇత్తడి చిలక అడుగున గాట్లు

లేజర్ వెలుగు ఇత్తడి చిలక కడుపులో మూడోసారి తిరిగేసరికి డాక్టర్ చక్రధర్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఎదురుగా మాణిక్యాంబ, ఆవిడ కోడలు నీరజ కూర్చున్నారు. నీరజ ఒళ్ళో ఇరవయ్యొక్క రోజుల ఆడపిల్ల.

చిలక అరచేతిలో పట్టేంత ఉంటుంది. వీపున మూత, ముక్కుకి సన్నటి రంధ్రం, అడుగున పదకొండు గాట్లు. దేనికి వాడేవారో ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలీని వస్తువుని మనవాళ్ళు ఏం చేస్తారో అదే చేశారు. పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఆరు తరాలుగా ఆ ఇంట్లో అందరూ మగపిల్లలే. చిలక వాళ్ళని మోసుకొచ్చే దేవత అనీ, గాట్లు ఆవిడ ఇచ్చిన వరాల లెక్క అనీ చెప్పుకునేవారు.

“పూజలో ఏదో లోపం జరిగింది బాబూ. అందుకే ఈసారి ఇలా అయింది. దీన్ని పూర్వం ఎలా వాడేవారో మీ మెషీన్ చెబితే అలాగే చేసుకుంటాం,” అంది మాణిక్యాంబ.

‘ఇలా’ అంటే తన కూతురని నీరజకి తెలుసు. అది వట్టి నూనెబుడ్డి అని తేలితే చాలు, పిల్లని పిల్లలా చూస్తారని ఆమె ఆశ.

పొరదర్శిని అనే ఆ మెషీన్ పని సులువే. లోహానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. చింతపండు పెట్టి ఎంత తోమినా, పోసినదేదో రవ్వంత అక్కడ మిగిలిపోతుంది. లేజర్ ఆ పొరల్ని ఒక్కొక్కటే చదువుతుంది.

స్క్రీన్ మీద ఫలితం వచ్చింది. చక్రధర్ ఉత్సాహం దాచుకోలేకపోయాడు.

“పదకొండు గాట్లు, పదకొండు పొరలు. ప్రతిసారీ ఒకటే మిశ్రమం అమ్మా. తేనె, జిల్లేడు పాలు. ముక్కు అంచున పసికందుల లాలాజలం, డి.ఎన్.ఏ. అంతా ఆడపిల్లలదే.” గొంతు తగ్గించాడు. “మీ ఇంట్లో ఆడపిల్లలు పుట్టకపోవడం కాదు. పుట్టారు. పుట్టగానే ఈ విషం పోశారు. గాట్లు వాళ్ళవి.”

ఇన్నాళ్ళూ తను చేతులు జోడించింది దీనికా అనుకుంది నీరజ. అత్తగారు ఏడుస్తుందేమో, దాన్ని విసిరికొడుతుందేమో అని చూసింది. మాణిక్యాంబ మెషీన్‌లోంచి చిలకని తీసి, కళ్ళకద్దుకుని, కొంగున ముడేసుకుంది.

“పిల్లని ఇలా ఇవ్వమ్మా. పొద్దుట్నుంచీ మోస్తున్నావు, చేతులు పడిపోయుంటాయి.”

ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ ఆవిడ ఎత్తుకుంటానని అడగడం అదే మొదటిసారి.

చక్రధర్ కళ్ళు చెమర్చాయి. నిజం తెలిస్తే మనుషులు మారతారని ఆయన నమ్మకం. ఆ మెషీన్ తయారుచేసిందే అందుకు.

“ఇవ్వమ్మా,” అన్నాడు నీరజతో. “పెద్దావిడ మనసు కరిగింది.”

నీరజ పిల్లని ఇంకా దగ్గరికి పొదువుకుంది. తలుపు అత్తగారి వెనక ఉంది.