పాచికలో ఒక్క లైను

"ఈ మనిషిని ఎవరూ చంపరు," అన్నాడు కిషన్‌రావు. "మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం నాలుగింటి దాకా ఆయన క్షేమంగా, సంతోషంగా ఉండాలని మనకంటే శత్రువుకే ఎక్కువ కోరిక."

హన్మాండ్లు టేబుల్ మీది ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. మందపాటి కళ్ళద్దాలు, రెండు రోజుల గడ్డం, జేబులో రెండు పెన్నులు. అరవై దాటిన మనిషి.

"పేరు సంగప్ప. నాందేడ్‌లో పాలిటెక్నిక్ లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి మూడేళ్ళు. పిల్లల్లేరు. 'పాచిక' అని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు."

"ఆటా?"

"ఆట కాదు. పాచిక వేసినట్టు, ఎవరూ ఊహించలేని అంకెలు తీస్తుంది. సైన్యం కొత్త వైర్‌లెస్ సెట్లు ఆ అంకెలతోనే గంటకో తాళంచెవి తయారు చేసుకుంటాయి. అంకె ముందే తెలిసినవాడికి మన మాటలన్నీ వినపడతాయి."

సికింద్రాబాద్‌లో ఎండుమిర్చి గోదాం మీది గది అది. ఇద్దరి కళ్ళూ మండుతున్నాయి. 2006 జనవరి.

కిషన్‌రావు బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. సైన్యం ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఒక విదేశీ కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్. సీలు వేసిన డబ్బా. లోపలేముందని అడిగితే ట్రేడ్ సీక్రెట్ అంటారు. రెండోది పాచిక. ఓపెన్ సోర్స్. ఇంటర్నెట్ ఉన్నవాడెవడైనా ప్రతి లైనూ చదువుకోవచ్చు. కమిటీ ఆరు నెలలు కొట్లాడి పాచిక వైపు మొగ్గింది. ఆఖరి వెర్షన్ సంగప్ప డిజిటల్ సంతకంతో నాలుగింటికల్లా బెంగుళూరు ఫ్యాక్టరీకి చేరాలి. అక్కడ పదివేల సెట్లలో చిప్పుల మీదికి ఎక్కిస్తారు. ఎక్కాక మార్చడం కుదరదు.

"రెండేళ్ళుగా ఆకాశ్ అనే కుర్రాడు మెయిల్ ద్వారా మాస్టారుకి సాయం చేస్తున్నాడు. పుణెలో ఉద్యోగమట. ఆ చిరునామాలో అలాంటి మనిషి లేడు. వాడెవడో తేల్చు."

"నన్నే ఎందుకు?"

"నీది కిన్వట్ దగ్గర ఇస్లాపూర్. అక్కడి తెలుగు నీకు నటించకుండా వస్తుంది. అయితే ఒక మాట. సొంతూరు ఎంత దగ్గరైనా అటు పోవద్దు." కిషన్‌రావు ఫైలు మూశాడు. "పాచికను చెడగొట్టాలని చూస్తున్న ముఠాలో మన మనిషి దీపాలి ఉంది. గుర్తుగా, వోల్టేజ్ తక్కువా అని అడుగుతుంది. మధ్యాహ్నం మాత్రమే అని నువ్వు చెప్పాలి. గుర్తుంది కదా ఆమె?"

గుర్తుండటం కాదు, మరచిపోవడమే హన్మాండ్లుకు చేతకాలేదు. నాలుగేళ్ళ కిందట మలక్‌పేటలో ఒక మిషన్ కోసం ఏడు నెలలు వాళ్ళిద్దరూ భార్యాభర్తలుగా నటించారు. పదమూడేళ్ళ సర్వీసులో అతనికి ఇల్లులాంటిదేదైనా ఉందంటే ఆ అద్దె ఫ్లాట్ ఒక్కటే.

*

నాందేడ్‌లో అతని పేరు రామకిషన్. యూపీఎస్ మెకానిక్. రోజూ గంటలకొద్దీ లోడ్‌షెడింగ్ నడిచే ఊళ్ళో అంతకు మించిన వేషం లేదు. శ్రీనగర్‌లో సంగప్ప సార్ ఇంటి మీది గది అద్దెకు తీసుకున్నాడు. వారం తిరక్కుండానే సార్ కంప్యూటర్ యూపీఎస్ బాగుచేసే వంకతో అందులో అగ్గిపెట్టెంత పరికరం అమర్చాడు. టెలిఫోన్ లైను ఆ యూపీఎస్ గుండానే మోడెమ్‌కు పోతుంది. వచ్చిపోయే మెయిళ్ళన్నీ మేడమీది లాప్‌టాప్‌లో పడేవి.

పడిన మెయిళ్ళలో ఎక్కువ భాగం లెక్కలు. మిగతాది యోగక్షేమం. మోకాలి నొప్పి ఎట్లుంది, కళ్ళు చూపించుకున్నరా, పొద్దున తిన్నరా లేదా. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. హన్మాండ్లు గూఢచారిగా చదవడం మొదలుపెట్టి, నెల తిరిగేసరికి ఆ మెయిళ్ళ కోసం సార్ లాగే ఎదురుచూడటం నేర్చాడు. అతనికి రాసేవాళ్ళెవరూ లేరు.

కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్ళు. సార్ జొన్నరొట్టెలు ఎప్పుడూ నాలుగు చేసేవాడు.

"ఇద్దరికి చేసుడే అలవాటైంది," అని రెండు ఇటు జరిపేవాడు. "మీది ఏ ఊరు, రామకిషన్?"

"బిలోలి దిక్కు, సార్."

"మాట కిన్వట్ దిక్కున్నట్టుంది."

హన్మాండ్లు రొట్టె తుంచి నోట్లో పెట్టుకునేవాడు. ఇస్లాపూర్ పోయే రైలు రోజూ పొద్దున స్టేషన్‌లో కూత వేసేది. అతను మూడు నెలల్లో ఒక్కసారి కూడా స్టేషన్ వైపు నడవలేదు.

*

మార్చి ముప్ఫై ఒకటి, శుక్రవారం. మూడింటికి కరెంటు పోయింది. మూడుంపావుకి నీలం రంగు కారు వచ్చి గేటు ముందు ఆగింది.

దీపాలి దిగింది. తెల్లటి సూటు, నల్లద్దాలు, భుజాన లెదర్ బ్యాగు. శ్రీనగర్ వీధి అలాంటి మనిషిని సినిమా పోస్టర్ మీద తప్ప చూసి ఉండదు.

"ఇక్కడ వోల్టేజ్ తక్కువా?"

"మధ్యాహ్నం మాత్రమే."

ఆమె నల్లద్దాలు తీసింది. "చిక్కిపోయావు," అంది మెల్లగా. హన్మాండ్లు గేటు తీసి పట్టుకున్నాడు. ఆమె వెంటనే పనిలోకి వచ్చింది. "ఆకాశ్ సంగతి తేలిపోయింది. ప్రమాదం లేదు. భయపడి పేరు మార్చుకున్న స్టూడెంట్ కుర్రాడు. నేనతని కొలీగ్‌నని మాస్టారుకి చెప్పి ఫైనల్ వెర్షన్ సీడీ తెచ్చాను. మాస్టారు సంతకం పెట్టేస్తే మన పని అయిపోయినట్టే."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. సార్ ఆమెను చూసి సంబరపడ్డాడు. "ఆకాశ్ పంపిండా? వాడే రావద్దా?" అంటూనే కుర్చీ తుడిచి వేశాడు. ఆమె సీడీ పెడుతుంటే, టేబుల్ మీది ప్రింటు కాగితం ఒకటి హన్మాండ్లు చేతికిచ్చాడు. "పొద్దున రాసిండు చూడు. ఎంత మంచిగ రాస్తడో."

ఆ ఉదయం హడావుడిలో హన్మాండ్లు మెయిల్ చూసుకోలేదు. ఇప్పుడు చదివాడు.

'సార్, ఈరోజు ఎందుకో మా అమ్మ యాదికొచ్చింది. మా ఊరి స్టేషన్ల సీతాఫలాలు అమ్మేది. రైలు పోయినంక గంప అడుగుకెళ్ళి ఒకటి తీసి నా చేతుల పెట్టేది. ఇది ఎవరు అడిగినా అమ్మలే, నీకని దాచిన అనేది. మీరు పాచిక మీద సంతకం పెట్టేటప్పుడు నాకు గట్లనే ఉంటది సార్.'

అది ఇస్లాపూర్ స్టేషన్. ఆ తల్లి పేరు జనాబాయి. ఆమె పోయిన నాడు హన్మాండ్లు చండీగఢ్‌లో ఇంకెవరి పేరుతోనో ఉన్నాడు, కబురు ఇరవై రోజులకు అందింది. సీతాఫలం సంగతి అతను జీవితంలో ఒక్కరికే చెప్పాడు. మలక్‌పేట ఫ్లాట్‌లో, ఒక వానరోజు పొద్దున, టీ తాగుతూ.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వసారాలోకి వచ్చాడు. సెల్ తీశాడు.

"ఆకాశ్ అంటే దీపాలే," అన్నాడు. "యూపీఎస్ ఆపేస్తున్నా."

"ఆపకు," అన్నాడు కిషన్‌రావు. "నాలుగు దాటితే ఆర్డరు ఆ సీలు డబ్బా కంపెనీకి పోతుంది. దాని వెనక ఉన్నదీ ఇదే ముఠా అని నిన్ననే తేలింది. చెడ్డది పోకూడదు, మంచిది పోవాలి. ఎట్లా చేస్తావో నాకు తెలియదు. మన వాళ్ళు వీధి మొదట్లో ఉన్నారు."

టైం మూడు ఇరవై తొమ్మిది.

హన్మాండ్లు లోపలికి వచ్చాడు. సార్ వేళ్ళు పాస్‌వర్డ్ కోసం కీబోర్డు మీదికి వెళ్తున్నాయి.

"సార్, ఆగుండ్రి. ఆ సీతాఫలాలు అమ్మింది మా అమ్మ. ఆకాశ్ అనేటోడు లేడు. ఈమెనే రెండేండ్ల సంది మీకు రాస్తున్నది."

దీపాలి తొణకలేదు. "సర్, ఈయన పేరు రామకిషన్ కాదు. మెకానిక్ కూడా కాదు. మూడు నెలలుగా మీ ఉత్తరాలు దొంగతనంగా చదువుతున్నాడు. కావాలంటే ఆ యూపీఎస్ విప్పి చూడండి."

సార్ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. యూపీఎస్ నిమిషానికోసారి కీచుమంటోంది.

"నిజమేనా?" అని హన్మాండ్లును అడిగాడు.

"నిజమే సార్."

సార్ కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. హన్మాండ్లు గడియారం వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు.

"ఇద్దరి మాట నాకొద్దు," అన్నాడు చివరికి. "మొదటి ఏడాది ఆకాశ్ పంపిన ప్రతి లైను చదివిన. తర్వాత చదువుడు బంద్ చేసిన. దోస్తును ఎవరన్న తనిఖీ చేస్తరా? అందరు చూడొచ్చని బయట పెట్టిన, ఎవరో ఒకరు చూస్తరు లే అని అందరు అనుకున్నరు. నేను సుత." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఇయ్యాల చదువుత. జరుగమ్మా."

దీపాలి లేచి గోడకానుకుంది. "చదువుకోండి సర్. నాలుగు దాటినా మాకు నష్టం లేదు," అంది.

రెండువేల లైన్లు. సార్ వేలు స్క్రీన్ మీద పాకుతోంది, పెదవులు కదులుతున్నాయి. ఏళ్ళ తరబడి బోర్డు మీద లెక్క తప్పు పట్టిన చూపది. మూడు నలభై ఎనిమిదికి వేలు ఆగింది.

"ఈడ," అన్నాడు. "పాచిక ఏడు తావుల నుంచి గందరగోళం తెచ్చుకుని కలుపుకోవాలె. ఈ లైను ఆరింటిని పారబోస్తున్నది. మిగిలినదాంట్ల ఉండేది ముప్ఫై రెండువేల ఏడువందల అరవై ఎనిమిది అంకెలే. ఒక్క పూటల అన్ని తాళాలు తెరుచుకుంటయి." ఆయన గొంతులో కోపం లేదు. "ఎంత సాపుగ రాసినవమ్మా. నా స్టూడెంటువైతే నూటికి నూరు ఇద్దును."

లైను చెరిపాడు. చిప్పు మీదికి ఎక్కేలా మళ్ళీ కంపైల్ పెట్టాడు. ఎనిమిది నిమిషాలు పడుతుందని స్క్రీన్ చెప్పింది. అప్పుడే యూపీఎస్ ఆగకుండా అరవడం మొదలుపెట్టింది.

"బ్యాటరీ ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు," అన్నాడు హన్మాండ్లు. కారణం అతనికి తెలుసు. తను దాచిన పరికరం కూడా ఆ బ్యాటరీనే మూడు నెలలుగా తాగుతోంది.

మోకాళ్ళ మీద కూర్చుని మూత విప్పాడు. సార్ చూస్తుండగానే వైర్లు కత్తిరించి అగ్గిపెట్టెంత నల్లడబ్బాను బయటికి లాగి నేల మీద పెట్టాడు. వేషం కోసం మోసుకు తిరిగిన సంచిలో పాత స్కూటర్ బ్యాటరీ ఒకటుంది. దాన్ని పక్కన జోడించి రెండు చేతులతో వైర్లు అదిమి పట్టుకున్నాడు. వేళ్ళు కాలుతున్నాయి. అరుపు ఆగింది.

మూడు యాభై ఎనిమిదికి కంపైల్ ముగిసింది. సార్ పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. సంతకం పడింది. ఫైలు బెంగుళూరుకు కదిలింది. తొంభై శాతం. తొంభై ఏడు. వంద.

మోడెమ్ దీపాలు ఆరిపోయినప్పుడు గోడగడియారంలో నాలుగుకు ఇంకా కొన్ని సెకన్లున్నాయి.

దీపాలి బ్యాగు భుజాన వేసుకుంది. పరుగెత్తే ప్రయత్నం చేయలేదు. గుమ్మంలో హన్మాండ్లు దగ్గర ఆగింది.

"మిగతావన్నీ పనికోసమే రాశాను," అంది. "ఆ పండు సంగతి రాసేటప్పుడు మాత్రం, అది మన ఇద్దరిదీ అనిపించింది."

"నాదే," అన్నాడు హన్మాండ్లు.

ఆమె గేటు దాటింది. వీధి మొదట్లో ఇద్దరు మనుషులు కారు తలుపు తీసి పట్టుకున్నారు.

లోపల సార్ చీకటి స్క్రీన్ ముందే కూర్చుని ఉన్నాడు.

"ఆకాశ్ అనేటోడు లేనే లేడు."

"లేడు సార్."

"మరి రామకిషన్?"

"వాడు సుత లేడు సార్."

సార్ తలూపాడు. కాసేపటికి లేచి వంటింట్లోకి పోయాడు. జొన్నపిండి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. హన్మాండ్లు మేడమీదికి వెళ్ళి సంచి సర్దుకున్నాడు. దిగి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూస్తే పళ్ళెంలో రెండే రొట్టెలు, రెండూ సార్ ముందే ఉన్నాయి. ఆయన తలెత్తలేదు. హన్మాండ్లు చప్పుడు కాకుండా గేటు వేసి ఆటో ఎక్కాడు.

సికింద్రాబాద్‌లో రిపోర్టు రాశాడు. పాచిక కోడ్ మొత్తం అనుబంధంగా జతచేశాడు. కిషన్‌రావు మొదటి పేజీ మీద 'అత్యంత రహస్యం' అని ఎర్రముద్ర కొట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ కోడ్‌లోని ప్రతి లైనూ అప్పటికే ఇంటర్నెట్‌లో లోకమంతా చదువుకోవడానికి తెరిచే ఉంది. పూర్తిగా చదివినవాళ్ళు మాత్రం ఇద్దరు. ఒకరు జైల్లో ఉన్నారు, ఇంకొకరు నాందేడ్‌లో.