శుక్రవారపు ఈగలు

"ఏమబ్బా, ఇది చేప మింగేదా, పెండ్లికూతురు ముక్కుకు పెట్టుకునేదా?"

వహీద్‌కి ఒళ్లు మండింది. జగిత్యాలలో పుట్టి, హైదరాబాదులో జరీ పని నేర్చి, ఇప్పుడు మత్రా బజారులో ఒక సేఠ్ దగ్గర పనిచేస్తున్న మాస్టర్ అతను. అతని చేతిపనికి వంక పెట్టినవాళ్లు ఒమన్‌లో ఇంతవరకు లేరు. ఈ కడప నర్సు అజీజా మాత్రం అతను కట్టిన ఈగని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నవ్వుతోంది.

ఈగంటే నిజం ఈగ కాదు. చిన్న గాలానికి పట్టుదారం చుట్టి, కౌజుపిట్ట ఈక కట్టి, పురుగులా కనబడేట్టు చేస్తారు. దాన్ని చూసి ట్రౌట్ అనే చేప మోసపోతుంది. ట్రౌట్ చల్లటి కొండనదుల చేప. ఒమన్‌లో మచ్చుకైనా దొరకదు. మరి ఇక్కడ ఈ ఈగలెందుకయ్యా అంటే, ప్రెస్కాట్ దొర కోసం.

దొర రేవు కట్టడానికి వచ్చిన ఇంజనీరు. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ఆయన్ని ఇంట్లోనే ఉండి చూసుకునే నర్సే అజీజా. ఇక బతకనని ఆయనకీ తెలుసు. ఉన్నది ఒకటే కోరిక. ఇంగ్లాండులో తన ఊరి నదిలో, వాళ్ల నాన్నలాగే, ఒక్కసారి ట్రౌట్ పట్టి పోవాలి. ఎండలు ముదిరేలోపైతేనే విమానం ఎక్కనిస్తానన్నాడు డాక్టరు. ఈయనేమో కొన్న ఈగలతో ఆ నదిలో దిగనంటాడు. జీవితమంతా తన ఈగలు తనే కట్టుకున్నాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి గనక, తన కళ్లముందే, తను చెప్పినట్టే ఎవరైనా కట్టాలి. అందుకే బజారు నుంచి వహీద్‌ని ఇంటికి పిలిపించాడు. ముసలివాళ్ల మొండితనానికి మందు లేదు.

జరీ దారంతో కట్టిన ఆ ఈగని దొర గ్లాసు నీళ్లలో వేశాడు. రాయిలా అడుక్కి పోయింది.

"ఈక తగ్గించు, దారం తగ్గించు," అన్నాడు హిందుస్తానీలో. ఇండియాలో చాలాకాలం పనిచేసిన మనిషి. "నీళ్లలో మునిగి చచ్చిన పురుగులా ఉండాలి. మరీ అందంగా ఉంటే చేపకి అనుమానం వస్తుంది."

"విన్నావా మాస్టర్? అందంగా ఉంటే అనుమానమంట," అంది అజీజా తెలుగులో.

"అందుకేనేమో సిస్టర్, మిమ్ముల చూస్తే నాకు ఏ అనుమానం రాలే."

దొరకి తెలుగు రాదు. ఇద్దరికీ అది భలే కలిసొచ్చింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం నమాజ్ కాగానే వహీద్ దొర ఇంటికే. ఈక ఎంత తగ్గించాలో చేతికి తెలిసింది. ఒకరోజు గ్లాసులో వేసిన ఈగ ఈకలు మెల్లగా విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ విచ్చుకున్నాయి. దొర కళ్లు తుడుచుకున్నాడు.

"చేప పట్టినట్టు ఎలా తెలుస్తుంది సాబ్, ఈగ నీళ్లలో మునిగిపోతే?"

"కంటికి కనబడదు. దారం వేలి మీద ఉంటుంది. ఎవరో మెల్లగా లాగినట్టవుతుంది. అప్పటికే పట్టేసి ఉంటుంది."

అజీజా గబుక్కున కిటికీవైపు తిరిగింది. వహీద్ చెవులు ఎర్రబడ్డాయి. సిస్టర్ అని పిలవడం ఆ రోజుతో మానేశాడు.

ఈగల డబ్బా దాదాపు నిండింది. అది నిండితే దొర వెళ్తాడు. దొర వెళ్తే అజీజా డ్యూటీ అయిపోతుంది, కడపకి పంపించేస్తారు. ఇద్దరికీ తెలిసిన ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

తర్వాతి శుక్రవారం చూస్తే డబ్బాలో సగం ఈగలు విడిపోయి ఉన్నాయి.

"నా చేతులే," అన్నాడు దొర సిగ్గుపడుతూ. "తీసి చూసుకుంటుంటాను. వణుకులో ఊడి ఉంటాయి. క్షమించు."

వహీద్ ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. మైనం పట్టించిన దారం ఊరికే ఊడదు. బ్లేడు గాటు స్పష్టంగా కనబడింది. వెనక అజీజా మందు కలుపుతోంది. తల ఎత్తలేదు.

"దారం మంచిది కాదు సాబ్," అన్నాడు వహీద్. "మళ్లీ కడతాను."

అతనికి సంతోషం వేసింది. సిగ్గులేని సంతోషం. దారి పొడుగునా పాడుకుంటూ రూముకి వెళ్లాడు.

ఆ తర్వాత శుక్రవారం కూడా అంతే. దొర మళ్లీ క్షమించమన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ నోరెత్తలేదు. ఈలోపు ఎండలు ముదిరాయి. డాక్టరు వచ్చి గుండె చూసి, ఇక విమానం వద్దన్నాడు. దొర గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. "శుక్రవారం మాస్టర్ వస్తాడుగా?"

శుక్రవారం దాకా ఆయన ఉండలేదు.

కొండల అవతల క్రైస్తవుల శ్మశానానికి పడవలోనే పోవాలి. తెల్లవాళ్లంతా ఎక్కాక నర్సుకీ, జరీ పనివాడికీ అందులో చోటెక్కడిది? ఇద్దరూ రేవు గట్టుమీద నిలబడ్డారు.

"నేనే కోసినా," అంది అజీజా. "ఆయప్ప నిద్రపోతాంటే, బ్లేడుతో. నువ్వు మళ్లా శుక్రవారం రావాలని."

"తెలుసు."

"యానాటి నుంచి?"

"మొదటిసారి నుంచే. దారం చూస్తే నాకు తెల్వదా?"

"మరి యాల చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆపేస్తవ్ గదా."

అజీజా అతనివైపు తిరిగింది. "నువ్వన్నా ఒక్కమాట అనుంటే ఆయప్ప పొయ్యుండేవాడు. ఆ నదిలో నిలబడుండేవాడు. నాకు తప్పని తెలుసబ్బా. తెలిసే చేసినా."

వహీద్‌కి ఆమెని ఓదార్చే హక్కు తనకి లేదనిపించింది. అయినా అడగాల్సింది అడిగాడు.

"మీ నాయిన దగ్గరికి పెద్దమనుషులను పంపిస్త. ఒప్పుకుంటవా?"

"ఈ పిల్లోడు నీకు యాడ తెలుసని మా నాయన అడుగుతాడు. ఏం చెప్పేది?"

"బజార్ల కలిసినమని చెప్దాం."

"వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. చావబోయే మనిషిని ఇంటికి పోనీకుండా ఆపి కలుసుకున్నామని చెప్పు."

"గట్ల చెప్తే పిల్లనిస్తడా?"

"ఇయ్యకపోవచ్చు. అబద్ధం చెప్తే మాత్రం నేనే రాను. నువ్వు నవ్వినప్పుడల్లా ఆయప్ప నా చెవిలో క్షమించమని అడుగుతానే ఉంటాడు. ఒక్కరికన్నా నిజం చెప్పకుంటే నేను బతకలేను వహీద్."

పడవ కొండ మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

"చెప్త," అన్నాడు వహీద్. "పెద్దమనుషులెందుకు, నేనే కడపకొచ్చి చెప్త. ఆయన కొట్టినా సరే. నేను చెప్పేటప్పుడు నువ్వు ఎదురుంగ ఉంటవా?"

"ఉంటా," అంది అజీజా, అప్పుడు ఏడ్చింది.