తగల్లేదని చెప్పాను

కార్తీక సోమవారం నాడు జింకను కొట్టడానికి పోయే ప్రబుద్ధుడు కెనడాలో ఈ ఎడ్మంటన్ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆఫీసు పనని నా భార్య శాంతకి చెప్పి నా ట్రక్కులో బయల్దేరాను. అడవి దగ్గరికి వీరభద్రం అంకుల్ తన ట్రక్కులో వచ్చారు. రిటైరైన ఇంజనీరు, నాకు తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. నేర్పేముందు ఒట్టు వేయించుకున్నారు. దెబ్బ తగిలిన జంతువును వెతక్కుండా ఇంటికి పోకూడదు. దొరికితే ఇంక బాధ పెట్టకుండా ముగించాలి.

నాలుగున్నరకే పొద్దు వాలింది. గాలి ఆగింది. మంచు మీద చెట్ల పచ్చి జిగురు వాసన. చెట్ల అంచున జింక కదిలింది. కాల్చాను. అది నడుం వంచి, కడుపు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. దాని మూలుగు నాకు స్పష్టంగా వినబడింది.

ట్రక్కుల దగ్గరికి తిరిగొచ్చాక అంకుల్ అడిగారు. "తగిలిందా?"

"లేదంకుల్."

వెతకాలంటే ఎన్ని గంటలో. శాంత పొద్దుటినుంచీ ఉపవాసం, నేను రాందే ముద్ద ముట్టదు. ఆమె నోమును నా అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా.

ఆయన టార్చి వేసుకుని వెళ్ళి చూశారు. మంచులో నెత్తురు.

"అబద్ధమెందుకు ప్రజ్వల్?" అన్నారు. "నువ్వు పో. నేను చూస్తా."

పోయాను. డెబ్భై ఏళ్ళ మనిషిని ఆ చీకట్లో వదిలేసి, తొంభై కిలోమీటర్లు వెనక్కి తిరిగి చూడకుండా డ్రైవ్ చేశాను.

శాంత నక్షత్రం చూసి, దేవుడి దీపం ముందు చాప వేసి వడ్డించింది. రెండో ముద్ద కలుపుతుంటే ఫోన్ మోగింది. ఎడంచేత్తో తీసి చెవికీ భుజానికీ మధ్య నొక్కుకున్నాను.

"దొరికింది..." అంకుల్ గొంతు. గుసగుసగా, ఆయాసంతో. "నెత్తురు వెంట నడుస్తూనే ఉన్నా."

"ఎక్కడున్నారంకుల్?"

"తెలీదు. ఏదో దీపం కనిపిస్తోంది... కింద కూర్చునుంది పాపం. కడుపు పట్టుకుని."

నా ఎడమ చెయ్యి కడుపు మీద ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలీదు. వేళ్ళు తడిగా తగిలాయి.

"ఇంకాస్త పప్పు వెయ్యనా?" శాంత వంగింది.

"పక్కన ఎవరో ఆవిడ..." అంకుల్ ఇంకా మెల్లగా అన్నారు. "గరిటెతో అడ్డంగా ఉంది. కొంచెం జరగమను ప్రజ్వల్. ఒక్క దెబ్బకే పోవాలి."

ఫోన్లో తుపాకీ గడియ లాగిన చప్పుడు.

అరవాలనుకున్నాను. మూలుగొచ్చింది.

శాంత పెరుగు తేవడానికి పక్కకి జరిగింది.