చిన్న గిన్నెలో రేపు

మిట్టమధ్యాహ్నం. నందిగామ బస్టాండు వెనక రోడ్డు మీద కాకి కూడా లేదు. రత్నమణి అన్నానికి ఇంటికెళ్లింది. మజ్జిగ బండి దగ్గర మనవరాలు మహిమ ఒక్కతే ఉంది. కుండ ఖాళీ అయింది.

"ఒక గ్లాసు పొయ్యమ్మా."

మహిమ ఉలిక్కిపడింది. ఎదురుగా గోధుమరంగు చీరలో ఒక ముసలావిడ. వచ్చిన అలికిడే కాలేదు. అంత ఎండలోనూ నుదుటి మీద చెమట చుక్క లేదు.

"అయిపోయింది, మామ్మా."

"ఆ గుడ్డ కింద గిన్నెలో ఉందిగా."

ఈవిడకెలా తెలుసు? అందులో ఉన్నది నాలుగు చెంచాల పెరుగు. రాత్రి పాలలో వేయాల్సిన తోడు.

"అది రేపటికండి."

"రేపటిది రేపు చూసుకుందువులే. ఇరవై ఇస్తా."

పది రూపాయల గ్లాసుకి ఇరవై! వచ్చిన బేరం వదలకూడదని అమ్మమ్మే అంటుంది. మహిమ పెరుగు చిలికి, నీళ్లు కలిపి పోసింది. ఆవిడ ఒక్క గుక్కలో తాగి గ్లాసు బోర్లించింది. చుక్క కారలేదు. మహిమ తలెత్తేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. చేతిలో నోటు ఐసుముక్కలా ఉంది.

సాయంత్రం పాలు కాచి, రత్నమణి గిన్నె మీద గుడ్డ తీసింది.

"ఎవరికి పోసావే?"

మహిమ చెప్పింది.

"గోధుమరంగు చీరేనా?"

"ఊఁ. నీకు తెలుసా?"

"తెలీదు. నీ వయసులో నేనూ పోసా." రత్నమణి గొంతు తగ్గింది. "అప్పుడూ అదే చీర."

"ప్యాకెట్ పెరుగు వేద్దామా?"

"ఆ రుచికి మన బండి దగ్గరికే రావాలా? కీసర నుంచి మా అమ్మ తెచ్చిన తోడు ఇది. పక్కింటి రాఘవమ్మకి పోయినేడు ఇందులోంచే ఇచ్చాం. పద, అడుగుదాం."

రాఘవమ్మ తన గిన్నెలోంచి చెంచాడే ఇచ్చింది. "మిగతాది నాకు రేపటికి కావాలమ్మా," అంది.

ఆ చెంచాడు ఒక లీటరుకే సరిపోయింది. మిగిలిన మూడు లీటర్లూ తెల్లారేసరికి విరిగిపోయాయి.

"నీ ఇరవై ఏదే? పాలవాడికిద్దాం," అంది రత్నమణి. మహిమ ఆ నోటు తీసిచ్చింది.

ఆ రోజు బండి తెరవగానే, మొదటి గ్లాసు పోయకముందే, మహిమ నాలుగు చెంచాల పెరుగు గిన్నెలోకి తీసి గుడ్డ కప్పింది. పదకొండుకే కుండ ఖాళీ అయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు.

మధ్యాహ్నం గుడ్డ మీద నీడ పడింది.

"నలభై ఇస్తా."

మహిమ రెండు చేతులూ గిన్నె మీద వేసింది.

"ఇది అమ్మేది కాదు, మామ్మా. పొద్దున్నే రండి, ముందు గ్లాసు మీకే పోస్తా."

చాలాసేపటికి నీడ తప్పుకుంది. ఎటు వెళ్లిందో మహిమ చూడలేదు. అమ్మమ్మ వచ్చేదాకా గిన్నె మీంచి చేతులు తీయలేదు.